పెళ్లికారు టాపు కదలని ఆరు రోజులు

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు, మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో నేను గుడివాడలో ఒక ప్రైవేటు కార్ల వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ సెక్షనుకు హెడ్ మేస్త్రిగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో అది నా చివరి ఏడు. ఉండేది బందరు దగ్గరి గూడూరులో. పొద్దున్నే పామర్రు మీదుగా బస్సులో వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేవాణ్ణి.

హెడ్ మేస్త్రి అంటే పెద్ద హోదా అనుకునేరు. వర్క్‌షాపులో అందరికంటే పైన మేనేజరు. ఆయన కింద సర్వీస్ అడ్వైజరు. బండి లోపలికి రాగానే యజమానితో మాట్లాడి జాబ్ కార్డు రాసేది ఆయనే. జాబ్ కార్డు అంటే బండికి రోగం చీటీ లాంటిది. ఏం జబ్బు, ఎవరు చూశారు, ఏం మార్చారు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తర్వాత డయాగ్నసిస్ టెక్నీషియన్. డిప్లొమా చదివి, స్కానర్ పట్టుకుని, జబ్బు ఏమిటో కార్డు మీద రాసి సంతకం పెట్టేవాడు. వీళ్లందరి తర్వాత మేస్త్రిలం. కార్డు మీద ఏం రాసి ఉంటే అది చేయాలి. రాసినదాన్ని కాదనే అధికారం మాకు లేదు.

నేను చదివింది ఏడో తరగతి. బందరులో లారీల బ్యాటరీ షాపులో చేరి, డైనమోలు విప్పుతూ కరెంటు నేర్చుకున్నాను. పాత ఇనుము కొట్లలో దొరికిన సర్వీసు పుస్తకాలు కొనుక్కుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాట కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదివాను. వైరింగ్ బొమ్మ చూసి బండిలో తీగ ఎక్కడ తిరుగుతుందో చెప్పగలను. అయినా నలభై ఏళ్లలో నాలుగు వర్క్‌షాపులు మారితే, నాలుగింటిలోనూ ఒకటే ప్రశ్న: సర్టిఫికెట్ ఉందా? లేదు. అయితే సంతకం పెట్టే అర్హత లేదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట సంగతి అలా ఉంచి, కారు సంగతి చెబుతాను.

ఒక గురువారం ఉదయం బందరు నుంచి ఎర్రరంగు కారు ఒకటి వచ్చింది. రెండే తలుపులు. విదేశీ బండి, చాలా చేతులు మారిన సెకండ్ హ్యాండ్. దాని టాపు రేకు కాదు, మందపాటి నల్ల గుడ్డ. స్విచ్ నొక్కితే ఆ టాపు తనంతట తాను పైకి లేచి, వెనక్కి మడతపడి, సీట్ల వెనక గూట్లోకి దిగిపోతుంది. మన ప్రాంతంలో ఇలాంటి బండికి ఎండలో తిరగడానికి పని లేదు. పెళ్లి ఊరేగింపుకే దాని పని.

దాని యజమాని కరీముల్లా. బందరులో రోల్డ్‌గోల్డ్ నగలకు పాలిష్ పట్టే పనిలో ముప్పై ఏళ్లు కూర్చుని, నడుము అరిగిపోయాక, ఉన్నదంతా ఊడ్చి ఈ కారు కొన్నాడు. తనకు డ్రైవింగ్ రాదు. బండి నడిపేది కూతురు రేష్మ. పాతికేళ్లు ఉంటాయి. పల్చగా ఉండే మనిషి, తక్కువ మాట్లాడేది. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా మా ముందు అచ్చమైన బందరు తెలుగే.

కృష్ణా నది సముద్రంలో కలిసే కొసన, దివిసీమ ఊళ్లలో ఆ కారుకు ఒక రివాజు ఏర్పడింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు టాపు మూసి ఉన్న కారులో కూర్చోవాలి. పందిరి ముందు జనమంతా మూగాలి. మేళం ఆగాలి. అప్పుడు రేష్మ స్విచ్ నొక్కితే టాపు మెల్లగా లేచి, దంపతులు కనబడాలి. చూసినవాళ్లు ఈలలు వేసి పూలు చల్లాలి. టాపు ముందే తెరిచి తీసుకొస్తే ఊరివాళ్లు ఒప్పుకోరు. "తెరుచుకోవడం చూడ్డానికే కదండీ పిలిచింది" అంటారు. అలాంటి కారు టాపు తెరుచుకోవడం మానేసింది.

ఆదివారం సాయంత్రం నాగాయలంక దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లెలో పెళ్లి. చేపల వేట మీద బతికే కుటుంబం. పెళ్లికూతురి మేనమామ పోలయ్య అంతకు ముందు ఆదివారం కోడూరులో ఒక పెళ్లికి వెళ్లి, అక్కడ ఈ కారు చూసి, అక్కడికక్కడే మేనకోడలి పెళ్లికి మాట్లాడుకున్నాడు. ఆ మర్నాడు ఇంటి దగ్గర కారు కడిగి స్విచ్ నొక్కితే టాపు కదల్లేదు. స్విచ్ మీద చిన్న ఎర్రదీపం మాత్రం వెలిగి ఆరింది. రెండు రోజులు బందరులో తెలిసినవాళ్లందరికీ చూపించి, ఇక లాభం లేదని గుడివాడ తీసుకొచ్చారు.

కరీముల్లా కౌంటరు దగ్గర అడ్వైజరుతో అన్న మాటలు నేను విన్నాను. "ఇది బాగుపడకపోతే అమ్మేస్తానండీ. మా అన్నయ్యలు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు, ఆడపిల్లని పల్లెలెమ్మట తిప్పుతున్నావేంట్రా అని. కారు నడిచినన్నాళ్లూ నోరు మూయించాను. ఇప్పుడు పెళ్లి మధ్యలో పరువు పోతే నేనేం చెప్పను? పిల్ల మళ్లీ పాలిష్ పనికి కూర్చుంటుంది."

ఆ మాటలు అంటున్నప్పుడు రేష్మ ఆయన వెనకే నిలబడి ఉంది. తాళాలు గుప్పిట్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. అడ్వైజరు ప్రశ్నలన్నీ కరీముల్లాను మాత్రమే అడిగాడు. బండి ఎవరి పేరున ఉంటే వాళ్లను అడగడం మా పద్ధతి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

టెక్నీషియన్ కిశోర్ శుక్రవారం స్కానర్ పెట్టాడు. టాపు కంట్రోల్ మాడ్యూల్‌లో తక్కువ వోల్టేజి కోడ్ ఒకటి కనిపించింది. కోడ్ అంటే బండి తన లోపాన్ని తానే నమోదు చేసుకునే గుర్తు. మాడ్యూల్ అంటే టాపుకు మెదడులాంటి చిన్న పెట్టె. కార్డు మీద "మాడ్యూల్ మార్చాలి" అని రాసి సంతకం పెట్టాడు. సరుకు బయటి దేశం నుంచి రావాలి, మూడు వారాలు పడుతుంది. పెళ్లికి రెండు రోజులు.

నాకు ఇక్కడే కోపం వచ్చింది. తక్కువ వోల్టేజి కోడ్ అంటే బ్యాటరీ నీరసించిందని అర్థం. ఇంజను ఆపి రెండు రోజులు స్విచ్ నొక్కుతూ కూర్చుంటే ఏ బ్యాటరీ అయినా నీరసిస్తుంది. ఆ కోడ్ జబ్బు కాదు, జబ్బుతో పడిన ఆయాసం. తెరమీద కోడ్ కనబడగానే పెట్టె మార్చెయ్యి, తీగ మార్చెయ్యి అనడం ఈ కాలానికి పట్టిన జాడ్యం. మార్చడం పోస్టుమాన్ కూడా చేస్తాడు. మేస్త్రి అనేవాడు కొలవాలి.

శనివారం మేనేజరు ఊళ్లో లేరు. కిశోర్ సంతకం పెట్టిన కార్డును తిరిగి తెరవాలంటే మేనేజరు సంతకం కావాలి. నేను కార్డు తీసుకుని, కింద ఖాళీలో "మళ్లీ చూడాలి" అని రాసి నా సంతకం పెట్టాను. నాకు ఆ అధికారం లేదు. తెలిసే పెట్టాను.

కిశోర్ చూసి, "మేస్త్రి గారూ, సోమవారం మేనేజరు గారు నన్నడుగుతారు" అన్నాడు.

"నన్నే అడగమను. నీ కోడ్ నీ దగ్గరే ఉంచుకో, బండి నాకివ్వు."

"మీరు ఆ స్కానర్ ముట్టుకోరు కదా, దేంతో చూస్తారు?"

"చెవుల్తో" అన్నాను. కుర్రాడు నవ్వాడు. చెడ్డవాడు కాదు, నేర్పినవాళ్లు అలా నేర్పారు, అంతే.

చెవుల్తో అన్నది ఊరికే అన్న మాట కాదు. కదలని టాపు దగ్గర మొదట చేయాల్సింది వినడం. డిక్కీలో ఎడమ పక్కన నూనెతో పనిచేసే చిన్న పంపు ఉంటుంది. స్విచ్ నొక్కినప్పుడు ఆ పంపు గుయ్యిమని మోగి కూడా టాపు కదలకపోతే నూనె తగ్గినట్టో, కొక్కెం పట్టేసినట్టో అనుకోవాలి. పంపు అసలు మోగకపోతే కరెంటు దాని దాకా రావడం లేదన్నమాట. ఇంజను స్టార్ట్ చేయించి స్విచ్ నొక్కించాను. నిశ్శబ్దం. ఎర్రదీపం వెలిగి ఆరింది. ఆ బండిలో ఏ కారణంతో ఆగినా అదే దీపం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఫ్యూజు చూశాను, బాగుంది. పంపుకు బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా ఒక్క క్షణం తగిలించాను. గుయ్యిమంది. పంపు బతికే ఉంది.

తర్వాత నేను చేసిన తప్పు చెప్పాలి. డిక్కీలో పంపు కింద కార్పెట్ ఎత్తితే చెమ్మగా ఉంది. ఎర్త్ బోల్టు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. లోపల్నుంచి నీచువాసన కూడా వస్తోంది. బందరు బండి కదా, సముద్రపు గాలి తిన్నది, ఇలాగే ఉంటుంది అనుకున్నాను. ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, పాడైందని తేల్చేశాను. నలభై ఏళ్లుగా హెల్పర్లకు ఒకటే చెప్పాను, కొలవకుండా విప్పొద్దని. ఆ రోజు నేనే మీటరు పెట్టకుండా బోల్టు విప్పాను. ఉప్పు గీకి, సాండ్‌పేపర్ పట్టి, తీగ కొసకు కొత్త లగ్ బిళ్ల వేసి, గ్రీజు రాసి బిగించేసరికి మధ్యాహ్నం అయింది. కరీముల్లా పక్కనే స్టూలు మీద కూర్చుని ప్రతి బోల్టునూ ఆశగా చూస్తున్నాడు.

"ఇప్పుడు నొక్కమ్మా" అన్నాను.

రేష్మ నొక్కింది. ఎర్రదీపం వెలిగి ఆరింది. పంపు మోగలేదు.

కిశోర్ దూరంగా నిలబడి చూస్తున్నాడు.

కరీముల్లా లేచి, "నమాజు చేసుకుని వస్తానండీ" అని వెళ్లిపోయాడు. గేటు దాటేటప్పుడు ఫోను తీశాడు. పోలయ్యకే చేస్తున్నాడని రేష్మకు తెలుసు, నాకూ తెలుసు.

నేను చేతులు తుడుచుకుంటూ బంపరు మీద కూర్చున్నాను. రేష్మ ఒక గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్లతో అంతవరకు "నొక్కు", "ఆపు" తప్ప నేను వేరే మాట మాట్లాడలేదు. వాళ్ల నాన్న అక్కడ లేడు కాబట్టి, టీ తాగుతూ ఊరికే అడిగాను. "చివరిసారి టాపు ఎప్పుడు కదిలిందమ్మా?"

"కోడూరు పెళ్లిలోనండీ. ఊరేగింపు అయ్యాక నేనే మూసేశాను. చక్కగా మూసుకుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత బయల్దేరి ఇంటికొచ్చేశామండీ. మర్నాడు పొద్దున కదల్లేదు."

"మూసిన తర్వాత, ఇంటికొచ్చే లోపల, బండిలో ఏవన్నా తేడా చేశారా?"

ఆ పిల్ల గేటు వైపు చూసింది. కొంచెం గొంతు తగ్గించింది. "నాన్న చెప్పలేదా మీకు?"

"ఏం చెప్పాలి?"

"రొయ్యలండీ."

"రొయ్యలా?"

"పోలయ్య గారు వాళ్ల మేనకోడలి పెళ్లికి కారు మాట్లాడుకున్నారు కదా, ఆ సంతోషంలో ఒక థర్మోకోల్ పెట్టె నిండా రొయ్యలు, ఐసు వేసి ఇచ్చారు. దివిసీమ నుంచి ఉత్త చేతుల్తో వెళ్లనివ్వరండీ. నేను సీటు కింద పెడదామన్నాను. సీటు పాడవుద్దని నాన్న డిక్కీలో పెట్టించారు. పెట్టె పట్టలేదు. లోపల ఒక అడ్డపలక ఉంటుంది చూడండి, దాన్ని పైకి నెట్టేసి కుక్కారు. ఐసు కరిగి నీళ్లన్నీ కిందికి పోయాయి. ఆ వాసనకి మూడు రోజులు డిక్కీ తెరవలేకపోయామండీ. పూలు తప్ప ఇంకేం పెట్టకూడదని నాకు రూలు పెట్టింది ఆయనే. అందుకే మీకు చెప్పలేక ఉంటారు."

నేను టీ గ్లాసు నేల మీద పెట్టేశాను.

ఆ అడ్డపలక సంగతి తెలియనివారికి చెప్పాలి. టాపు వెనక్కి మడతపడి దిగేది డిక్కీలోని పై సగంలోకే. అక్కడ సామాను ఉంటే టాపు దాని మీద పడి చిరుగుతుంది. అందుకని డిక్కీ మధ్యలో అడ్డంగా ఒక పలుచని పలక ఉంచుతారు. సామాను దాని కింద పెట్టుకోవాలి. ఆ పలక కిందికి దిగి, పక్కనున్న కొక్కెంలో కూర్చుని, అక్కడి చిన్న స్విచ్‌ను నొక్కితేనే మాడ్యూల్ పంపుకు అనుమతి ఇస్తుంది. లేకపోతే ఇవ్వదు. అది చెడిపోవడం కాదు, జాగ్రత్త. జాగ్రత్త పడినందుకు కోడ్ నమోదు కాదు. కిశోర్‌కు ఆ సంగతి కనబడకపోవడానికి కారణం అదే.

పలకను నేను పొద్దున చూశాను. కిందికి దించే ఉంది, కొక్కెంలోనే ఉంది. పైపైన చూస్తే ఏ లోపమూ లేదు. ఇప్పుడు టార్చి వేసి, వేలు పెట్టి చూశాను. కొక్కెం గూడు అడుగున తెల్లగా ఏదో ఉంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో లాగితే బయటికి వచ్చింది. బఠాణీ గింజంత థర్మోకోల్ ముక్క. పెట్టెను కుక్కినప్పుడు అంచు విరిగి గూట్లో పడింది. దాని మీద పలక కూర్చుంది కానీ స్విచ్ దాకా దిగలేదు. వెంట్రుకవాసి తేడా.

"కిశోర్" అని కేక వేశాను. "నీ స్కానర్ పట్రా."

వాడు ఆశ్చర్యంగా చూస్తూ తెచ్చాడు. కోడ్‌ల పేజీ కాదు, బండిలోని స్విచ్‌లు ఆ నిమిషంలో ఎలా ఉన్నాయో చూపించే పేజీ ఒకటి ఉంటుంది, అది తెరవమన్నాను. పలకను కొంచెం ఎత్తాను. తెర మీద పలక తెరిచి ఉన్నట్టు చూపించింది. కిందికి నొక్కాను. టక్కుమంది. మూసి ఉన్నట్టు మారింది.

"ఈ పేజీ నేను తెరవలేదు మేస్త్రి గారూ" అన్నాడు కిశోర్. మెల్లగా, నిజాయితీగా అన్నాడు. ఆ ఒక్క మాటతో వాడి మీద నాకున్న కోపం సగం పోయింది.

"నేను అసలు స్కానరే తెరవలేదు కదయ్యా" అన్నాను. అదీ నిజమే. నా మొండితనం లేకపోతే పొద్దున్నే పదింటికి తేలిపోయే పని.

రేష్మ సీట్లో కూర్చుని స్విచ్ నొక్కింది. ముందు అద్దాలు కాస్త దిగాయి. కొక్కెం వదిలిన చప్పుడు. పంపు గుయ్యిమంది. నల్లటి టాపు ముందు అంచు మెల్లగా పైకి లేచింది. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. గేటు దగ్గరికి వచ్చిన కరీముల్లా చెవి దగ్గర ఫోనుతో అలాగే నిలబడిపోయాడు. అవతల పోలయ్య మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ గొంతు మా దాకా వినబడుతోంది. "ఏం పర్లేదు సాయిబు గారూ, తీసుకొచ్చెయ్యండి. వల లాగే చేతులు, గుడ్డ టాపు లాగలేమా? పదిమందిమి పట్టుకుంటే లేవదా?"

"వద్దు, వద్దు పోలయ్య గారూ" అన్నాడు కరీముల్లా, కళ్లు టాపు మీద నుంచి తీయకుండా. "లేస్తోంది. దానంతటదే లేస్తోంది."

రొయ్యల పెట్టె మాట నేను ఎత్తలేదు. థర్మోకోల్ ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, కూతుర్ని చూసి, తల దించుకుని నవ్వాడు.

మర్నాడు వర్క్‌షాపుకు సెలవు. కరీముల్లా పట్టుబట్టి నన్నూ పెళ్లికి రమ్మన్నాడు. దారిలో ఏమైనా అయితే అన్న భయం ఆయనకు ఇంకా పోలేదు. గూడూరులో నన్ను ఎక్కించుకుని, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా తీసుకెళ్లారు. రేష్మ నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. గుంతలు ఎక్కడున్నాయో ఆమెకు ముందే తెలుసు. చేపల లారీ ఎదురైనప్పుడు ఎంత పక్కకు దిగాలో అంతే దిగేది. ఇంత చక్కగా నడిపేవాళ్లు నాకు తెలిసిన లైసెన్సున్న మగవాళ్లలో ఎక్కువమంది లేరు.

నాలుగున్నరకు పల్లె చేరాం. ఒకవైపు ఎండుచేపల తడికెలు, ఒకవైపు రొయ్యల చెరువులు, మధ్యలో పందిరి. పోలయ్య దిట్టమైన మనిషి, మెడలో తువ్వాలు. కారును చుట్టూ తిరిగి చూసి, "ఏంటి సాయిబు గారూ, అలిగిందన్నారు? అలక తీరిందా?" అన్నాడు. నన్ను చూపించి ఈయన తీర్చారని కరీముల్లా చెబితే, "అయితే ఈయన్ని కూడా ఇంట్లో పెంచుకోండి" అన్నాడు. జనం నవ్వారు.

దంపతుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఏమైనా అయితే చూడాలని నేను రేష్మ పక్క సీట్లోనే ఉన్నాను. ఫొటోలవాళ్లు లైట్లు సర్దుకున్నారు. మేళం ఆగింది. పిల్లలు చెరువు గట్టు మీద, కుర్రాళ్లు ట్రాక్టరు మీద ఎక్కి నిలబడ్డారు. రేష్మ స్విచ్ నొక్కింది.

ఎర్రదీపం వెలిగి ఆరింది.

కరీముల్లా ముఖం చూడలేకపోయాను. జనంలో గుసగుస మొదలైంది. పోలయ్య తువ్వాలు నడుముకు బిగించి, "రండ్రా మనోళ్లు, ఓ పట్టు పడదాం" అన్నాడు. వలలు లాగే ఆరుగురు వచ్చి టాపు అంచు మీద చేతులు వేశారు. ఒక్క గుంజు గుంజితే లోపలి ఊచలు వంగిపోతాయి. ఆ తర్వాత ఏ మేస్త్రీ, ఏ మాడ్యూలూ దాన్ని బాగుచేయలేవు. నేను తలుపు తెరుచుకుని దిగేలోపలే రేష్మ దిగింది.

"చేతులు తియ్యండి మావయ్యా! ఎవ్వరూ ముట్టుకోకండి" అంది. ఆ పల్చటి మనిషి నుంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆరుగురూ చేతులు తీసేశారు.

ఆమె నా వైపు చూడలేదు. తండ్రి వైపు కూడా చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్లి డిక్కీ ఎత్తింది. లోపల ఫొటోలవాళ్ల లైటు స్టాండు సంచి ఉంది. ఎప్పుడో, ఎవరో, అడగకుండా అడ్డపలకను ఎత్తి సంచిని లోపలికి తోసేశారు. సంచి తీసి ఫొటోగ్రాఫరు చేతికి ఇచ్చింది. పలక దించింది. కొక్కెం గూట్లో వేలు పెట్టి తుడిచింది. పలక నొక్కింది. టక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. డిక్కీ మూసి, వచ్చి సీట్లో కూర్చుని, స్విచ్ నొక్కింది.

టాపు లేచింది. ఈలలు, పూలు, మేళం అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. పెళ్లికూతురు భయంభయంగా పైకి చూసి, టాపు తల మీద నుంచి వెనక్కి వెళ్లాక నవ్వింది.

పోలయ్య కరీముల్లా భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మాయి గట్టిదే సాయిబు గారూ, మా వేటగాళ్లనే అదిలించేసింది" అన్నాడు.

"అమ్మాయి కాదండీ" అన్నాడు కరీముల్లా. "మా డ్రైవరు. బండి విషయంలో ఆమె మాటే ఖాయం."

అంతవరకు ఆయన ఆమెను ఎప్పుడూ అలా అనగా నేను వినలేదు. ఆమె విన్నదో లేదో తెలియదు, ఊరేగింపు మొదటి గేరులో కదిలింది. మూడు వీధులు, గంగమ్మ గుడి, సముద్రం ఒడ్డు, తిరిగి పందిరి. ఆ మొదటి గేరు మీద బండిని జర్కు లేకుండా నడపడం ఎంత కష్టమో నడిపినవాళ్లకే తెలుస్తుంది.

బయల్దేరేటప్పుడు పోలయ్య మనుషుల చేత మళ్లీ ఒక థర్మోకోల్ పెట్టె మోయించుకొచ్చాడు. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. వాళ్లు అలవాటుగా డిక్కీ వైపు వెళ్తుంటే రేష్మ అడ్డుపడింది.

"అక్కడ కాదు మావయ్యా. మా నాన్న ఒళ్లో పెట్టండి."

పెట్టారు. గూడూరు దాకా ఆయన ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. లుంగీ తడిసినా పెట్టెను పక్కకు జరపలేదు.

సోమవారం మేనేజరు నాకు మెమో ఇచ్చారు. అర్హత లేకుండా జాబ్ కార్డు మీద సంతకం చేసినందుకు. ఆ మెమో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అన్యాయం అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే దానికి జవాబు రాస్తూ, చివర్లో ఒక సూచన కూడా రాశాను. జాబ్ కార్డులో యజమాని పేరు కింద ఇంకో గడి ఉండాలని, అందులో "బండి నడిపేది ఎవరు, చివరిసారి బాగా పనిచేసిన తర్వాత ఏం జరిగింది" అని నడిపేవాళ్లనే అడిగి రాయాలని. ఆ సూచన కిశోర్ టైపు చేసి ఇంకోసారి మేనేజరుకు ఇచ్చాడు. కొత్త కార్డులు అచ్చయినప్పుడు ఆ గడి వచ్చింది. నేను ఉద్యోగం మానేసిన తర్వాత కూడా అది ఉందని విన్నాను. రేష్మ ఈ మాఘంలోనూ దివిసీమ ఊరేగింపులకు వెళ్తోంది.

ఈ పనిలో నేర్చుకున్నది ఇది. కదలని యంత్రం దగ్గర మొదట తెలుసుకోవాల్సింది ఏం విరిగింది అని కాదు, దేనికోసం ఆగి ఉంది అని. అది తెలియాలంటే దాంతో రోజూ ఉండే మనిషిని అడగాలి. సర్టిఫికెట్ లేదన్న కారణంతో నా మాట ఎవరూ అడగలేదని నలభై ఏళ్లు మండిపడ్డాను. ఆ శనివారం మధ్యాహ్నం వరకు, బండి నడిపే మనిషిని పక్కనే పెట్టుకుని, ఒక్క ప్రశ్న కూడా అడగనివాళ్లలో నేనూ ఒకణ్ణి.